స్పీడ్ ఫుల్లే, మాటే లేటు

మీ ఇంటికి ఫైబర్ వచ్చింది. నెల తప్పకుండా బిల్లు కడుతున్నారు. స్పీడ్ టెస్ట్ పెడితే ముల్లు వంద ఎంబీపీఎస్ దగ్గర నిలబడుతోంది. మరి దుబాయ్ నుంచి కొడుకు ఫోన్ చేసినప్పుడు మాట ఎందుకు తెగుతోంది?

"అవ్వా, ఇనవడ్తుందా?"

ఇటు నుంచి జవాబు బయల్దేరుతుంది. అటు చేరదు. ఇంకోసారి "అవ్వా!" అంటాడు. సరిగ్గా అప్పుడే "ఆఁ, ఇనవడ్తుంది బిడ్డా, తిన్నవా?" అన్న మాట వాడి చెవిన పడుతుంది. రెండు మాటలూ గుద్దుకుంటాయి. ఇద్దరూ ఆగుతారు, మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. చివరికి "నెట్టు మంచిగ లేదవ్వా, రేపు చేస్త" అని పెట్టేస్తాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. కాబట్టి ఈ సంభాషణ మీకు కొత్త కాదు. మర్నాడు ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. కేబుల్ అన్నకు ఫోన్ చేస్తారు. "డబ్బా బందు చేసి మళ్ళ చాలు చేయండి" అంటాడు. అయినా తగ్గలేదంటే, "రెండొందల ప్లాన్‌కు మారండి సార్, మంచిగుంటది" అంటాడు. మారతారు. బిల్లు పెరుగుతుంది. మాట మాత్రం అక్కడే ఆగుతుంది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి ఇళ్ళలో చాలావాటికి కావలసింది ఎక్కువ స్పీడ్ కాదు, డబ్బాలో పేరుకుపోయే వరుసను తగ్గించడం. అందుకోసం ఉన్న స్పీడ్‌లో కొంత మీరే వదులుకోవాల్సి రావచ్చు. డబ్బులు కట్టి తీసుకున్న స్పీడ్‌ను ఎందుకు వదులుకోవాలంటారా? కాస్త ఓపిక పట్టండి, ఐదో సూచన దాకా వచ్చాక మీరే ఒప్పుకుంటారు.

డబ్బాలో ఏం జరుగుతోంది?

ఎక్కువ సిద్ధాంతం వద్దు. ఇంట్లోంచి బయటికి పోవాల్సిన డేటా, లైను మోయగలిగిన దానికన్నా ఎక్కువైతే, రౌటర్ దాన్ని తన మెమరీలో కాసేపు ఆపి ఉంచుతుంది. అదే బఫర్. కొంత బఫర్ ఉండాల్సిందే. కానీ మెమరీ చౌకయ్యాక, ఒక్క ప్యాకెట్టు కూడా పారెయ్యకూడదన్న తాపత్రయంతో కంపెనీలు దాన్ని విపరీతంగా పెంచేశాయి. వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా ముందు నలభై ట్రాక్టర్లు ఆగి ఉన్నప్పుడు, ఒక్క సంచి బండి మీద పెట్టుకొని వచ్చిన మనిషి వాటి వెనక నిలబడితే ఎట్లా ఉంటుంది? కాంటా ఆగలేదు. ఆయన పని రెండు నిమిషాలది. కానీ వంతు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. మీ కొడుకుతో మీరు మాట్లాడే మాట ఆ ఒక్క సంచి.

చిన్న లెక్క చూడండి. మీ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ అనుకుందాం. డబ్బాలో ఒక మెగాబైటు డేటా వరుసలో ఉంది. మెగాబైటంటే 8 మెగాబిట్లు. 8ని 5తో భాగిస్తే 1.6 సెకన్లు. అంటే కొత్తగా వచ్చిన ప్రతి మాటా సెకనున్నర పైగా మీ హాల్లోనే ఆగుతుంది. అదే మాటకు జగిత్యాల నుంచి హైదరాబాద్ దాకా ఫైబర్‌లో ప్రయాణించడానికి ఎంత కావాలి? ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు, చాలు. ఫోన్ సంభాషణ సాఫీగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫార్సు. ఇక్కడ టీవీ పక్కనున్న డబ్బా దాటడానికే దానికి పది రెట్లు పడుతోంది.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010లో జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజినీరు, తన ఇంటి నుంచి పెద్ద ఫైళ్ళు పంపుతున్నప్పుడు నెట్ ఎందుకు చతికిలబడుతోందో తవ్వి చూసి ఈ సంగతి బయటపెట్టాడు. 2012లో కేథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. అదే ఏడాది దాని మెరుగైన రూపం ఎఫ్‌క్యూ-కోడెల్ లినక్స్‌లోకి వచ్చింది, 2018లో కేక్ అనేది వచ్చింది. విరుగుడు దొరికి పదేళ్ళు దాటింది, ఉచితం కూడా. అయినా మన ఇళ్ళలో బిగించే డబ్బాలు చాలావాటికి అది ఇంకా చేరలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ ఇంట్లో ఉన్నది ఈ జబ్బేనా? ఒక గుర్తు చెప్తాను. టీవీలో సినిమా ఆగకుండా నడుస్తుంది, కాల్ మాత్రం తెగుతుంది. సినిమా యాప్ ముందే కొంత దించుకొని పెట్టుకుంటుంది కాబట్టి దానికి ఆలస్యంతో పేచీ లేదు. రేపు మీరు మాట్లాడబోయే మాటను ఇవాళే దించుకోవడం ఏ యాప్‌కూ చేతకాదు కదా.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు కొలవండి, తర్వాతే ఖర్చు పెట్టండి

స్పీడ్ టెస్ట్‌లో అందరూ పెద్ద అంకెనే చూస్తారు. మీరు చిన్న అంకెలు చూడండి. ఊక్లా స్పీడ్‌టెస్ట్ యాప్ మూడు పింగ్‌లు, అంటే కబురు పోయి తిరిగిరావడానికి పట్టే సమయాలు, చూపిస్తుంది: లైను ఖాళీగా ఉన్నప్పటిది, డౌన్‌లోడ్ అవుతున్నప్పటిది, అప్‌లోడ్ అవుతున్నప్పటిది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ ఫాస్ట్ డాట్ కామ్‌లో 'మోర్ ఇన్ఫో' నొక్కితే అన్‌లోడెడ్, లోడెడ్ అని రెండు అంకెలు వస్తాయి. వేవ్‌ఫార్మ్ అనే సంస్థ పెట్టిన బఫర్‌బ్లోట్ టెస్ట్ అయితే బడి పిల్లలకిచ్చినట్టు గ్రేడే ఇస్తుంది.

మీరు చూడాల్సింది ఖాళీగా ఉన్నప్పటికీ బరువు పడ్డప్పటికీ మధ్య తేడా. తేడా 30 మిల్లీసెకన్ల లోపుంటే ఈ అధ్యాయం మూసేసి హాయిగా పడుకోండి. వంద దాకా ఉంటే కాల్స్‌కు ఇబ్బంది లేదు, ఆటలాడే పిల్లలు మాత్రం గొణుగుతారు. వంద దాటితే మాటలు గుద్దుకోవడం మొదలవుతుంది. మూడు నాలుగు వందలు దాటితే, మీరు ఇన్నాళ్ళు కేబుల్ అన్నను తిట్టింది పూర్తిగా అన్యాయం కాదు, కానీ తిట్టిన కారణం వేరు.

ఒక్కసారి కొలిస్తే సరిపోదు. పొద్దున ఆరింటికి ఒకటి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకటి. ఎందుకంటే తొమ్మిదిన్నరకు దుబాయ్‌లో ఎనిమిది అవుతుంది, డ్యూటీ దిగి తిన్నాక ఫోన్లు మొదలయ్యే వేళ అది. మన ఇళ్ళలో సీరియళ్ళు, రీల్స్, ఐపీఎల్ నడిచే వేళా అదే. అంకెలను గోడ క్యాలెండర్ మీద ఆ తారీఖు గడిలోనే రాయండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ దాస్తే మళ్ళీ వెతికి పట్టుకోలేరు.

ఇందులో ఒక కిటుకుంది. రాత్రి పూట ఇంట్లో ఎవరూ ఏమీ వాడకపోయినా పింగ్ వందల్లో ఉంటే వరుస మీ ఇంట్లో లేదు, మీ ఆపరేటర్ లైనులోనో ఇంకా పైనో ఉంది. అప్పుడు ఇంట్లో ఏ మార్పు చేసినా లాభం తక్కువ. నేరుగా ఏడో సూచనకు వెళ్ళండి.

2. తప్పు వైఫైదా, లైనుదా తేల్చుకోండి

ల్యాప్‌టాప్ ఉంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, 192.168.1.1 కొట్టండి. అది చాలా ఇళ్ళలో డబ్బా చిరునామా. మీ డబ్బా అడుగున స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే అదే వాడండి. పక్క గదిలోని డబ్బాకు పింగ్ రెండు మూడు మిల్లీసెకన్లు ఉండాలి. అక్కడే వంద, రెండొందలు కనిపిస్తే లోపం వైఫైది.

మన ఇళ్ళలో డబ్బా ఎక్కడ పెడతారు? వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడ. టీవీ వెనక, మెట్ల కింద, ఒక్కోసారి బీరువా మీద. మధ్యలో స్లాబు, పైన ఇంకో స్లాబు. దాన్ని నడి ఇంట్లోకి, ఛాతీ ఎత్తుకు జరపండి. ఫోన్లను వీలైతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. టీవీకి, డెస్క్‌టాప్‌కు ల్యాన్ వైరు లాగండి. వీటికి పైసా ఖర్చు లేదు, ఉన్నా కొద్ది మీటర్ల వైరుదే.

డబ్బాకు పింగ్ బాగుంటే, ఇప్పుడు అదే పద్ధతిలో 8.8.8.8కు పెట్టండి. చివర ఖాళీ వదిలి, గీత పెట్టి, చిన్న టీ అక్షరం చేరిస్తే ఆగకుండా నడుస్తుంది. అది నడుస్తుండగానే ఫోన్‌లోంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించండి. పదుల్లో ఉన్న అంకెలు వందల్లోకి ఎగబాకాయా? దొంగ దొరికాడు.

3. ఎక్కించేదెవరో పట్టుకోండి

డౌన్‌లోడ్ గురించి అందరికీ తెలుసు. ఇంటి కాల్స్‌ను ఎక్కువగా పాడుచేసేది అప్‌లోడ్, అదీ మీకు తెలియకుండా జరిగేది.

కోరుట్లలో ఒక ఇల్లు అనుకోండి. భర్త దుబాయ్‌లో. ఇంట్లో అత్త, కోడలు, ఇద్దరు పిల్లలు. భద్రత కోసం నాలుగు సీసీ కెమెరాలు పెట్టించారు. రాత్రి ఆయన ముందు యాప్ తెరిచి గేటు, వాకిలి, మేడ ఒకసారి చూసుకుంటాడు, అట్లాగే ఫోన్ కలుపుతాడు. కెమెరాలు మెయిన్ స్ట్రీమ్‌లో ఉంటే ఒక్కోటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ దాకా పైకి పంపుతుంది. నాలుగూ కలిస్తే 16 దాకా. ఇంటి అప్‌లోడ్ 10 అయితే? ఆయన చూస్తున్న కెమెరాలే ఆయన భార్య మాటను ఆపుతున్నాయి. ఆయనేమో అక్కడ "ఆ కేబులోన్ని మార్చు" అంటున్నాడు!

దీనికి మందు కెమెరా సెట్టింగ్‌లోనే ఉంది. ఫోన్‌లో చూసేందుకు సబ్ స్ట్రీమ్ ఎంచుకోండి, దాని బిట్‌రేట్ 512 కేబీపీఎస్ దగ్గర పెట్టండి. రికార్డింగ్ మెయిన్ స్ట్రీమ్‌లోనే ఉండనివ్వండి, అది ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లోకి పోతుంది కాబట్టి లైనుకు బరువు కాదు. కెమెరా హెచ్.265 ఒప్పుకుంటే హెచ్.264 నుంచి దానికి మార్చండి. ఎప్పుడూ క్లౌడ్‌లోకే పంపే కెమెరా అయితే దాని నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. బిగించిన అబ్బాయినే పిలిచి అడగండి, పది నిమిషాల పని.

రెండోది ఫొటోల బ్యాకప్. పెళ్ళి నుంచి ఇంటికొచ్చి చార్జింగ్‌కు పెట్టిన ప్రతి ఫోనూ వైఫై చూడగానే ఫొటోలు, వీడియోలు ఎక్కించడం మొదలుపెడుతుంది. ఆ బ్యాకప్‌ను రాత్రి వేళ ఆపి ఉంచి, పొద్దున మళ్ళీ మొదలుపెట్టండి. కంప్యూటర్లకు, డీవీఆర్ బ్యాకప్‌లకు వేళ పెట్టే వీలుంటే తెల్లవారుజామున మూడు గంటలు ఖాయం చేయండి. పదకొండున్నరకు పెట్టకండి. సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనక, అక్కడ అప్పుడు తొమ్మిదే. మీ తమ్ముడు రియాద్‌లో ఉంటే కాల్ వచ్చేది ఆ వేళకే.

సిరిసిల్లలో చీరలమ్మే దుకాణం ఇంకో ఉదాహరణ. దుకాణంలో ఆమె వీడియో కాల్‌లో కరీంనగర్ కస్టమర్‌కు చీర విప్పి చూపిస్తోంది. అంచు కనిపించింది, కొంగు తిప్పేసరికి బొమ్మ బిగుసుకుపోయింది. వెనక గదిలో కొడుకు అదే వైఫై మీద పాతిక చీరల వీడియోలు ఛానల్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఇద్దరిదీ వ్యాపారమే, ఎవరిని ఆపమంటాం? దుకాణం కట్టేశాక ఎక్కించమని చెప్పొచ్చు. లేదంటే నాలుగో సూచన.

పెళ్ళి లైవ్‌లు పెట్టే ఫొటోగ్రాఫర్లకు ఒక మాట. ఫంక్షన్ హాలు వైఫై పాస్‌వర్డ్ బంధువులకు ఇచ్చారంటే, మూడు వందల ఫోన్లు బ్యాకప్‌కు దిగుతాయి. తాళి కట్టే వేళకు కువైట్‌లో ఉన్న బావకు కనిపించేది గిరగిరా తిరిగే చక్రమే. లైవ్‌కు వేరే లైను ఉంచుకోండి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, పెళ్ళికొడుకు మేనమామ అడిగినా సరే.

4. ఉన్న డబ్బాలోనే పగ్గాలు వెయ్యండి

కొత్తది కొనకముందు ఉన్నదాన్ని అడగండి. చాలా రౌటర్లలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ లేదా క్యూఓఎస్ అనే పేజీ ఉంటుంది. అందులో ఒక్కో పరికరానికి పరిమితి పెట్టొచ్చు. డీవీఆర్‌కు అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్. అబ్బాయి అప్‌లోడ్ చేసే ల్యాప్‌టాప్‌కు, మీ మొత్తం అప్‌లోడ్‌లో సగం. కెమెరా చిత్రం కొంచెం మసకబారుతుంది, వీడియోలు ఎక్కడానికి రెట్టింపు సమయం పడుతుంది. కాల్ మాత్రం నిలబడుతుంది.

ఇది మోటు పద్ధతి. ఎవరూ వాడనప్పుడు కూడా ఆ పరిమితి అట్లాగే ఉంటుంది. కానీ నలుగురున్న ఇంటికి చాలాసార్లు ఇంతే చాలు. ఆపరేటర్ ఇచ్చిన డబ్బాలో ఆ పేజీ కనిపించకపోతే మొహమాటం లేకుండా ఆయన్నే అడగండి.

5. సొంత రౌటర్, అందులో ఎస్‌క్యూఎం

అసలు మందు ఇదే. కొంచెం చెయ్యి తిరిగిన మనిషి కావాలి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు సద్దుల బతుకమ్మకు ఇంటికొస్తాడు కదా, అప్పుడు కూర్చోబెట్టండి.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనేది రౌటర్ల కోసం చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేసుకుంటే ఇందాక చెప్పిన కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ రెండూ దొరుకుతాయి. అవి ఒక్కో సంభాషణకు ఒక్కో చిన్న వరుస పెట్టి, వంతుల వారీగా వదులుతాయి. పెద్ద అప్‌లోడ్ వెనక చిన్న మాట నిలబడాల్సిన అవసరం ఉండదు. ఎక్కువసేపు నిలిచిన ప్యాకెట్టును పారేసి, పంపేవాడికి నెమ్మదించమని కబురు పెడతాయి.

కొనే ముందు రౌటర్ మోడల్, దాని వెర్షన్ రెండూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. ఒకే పేరుతో వచ్చే రౌటర్లలో ఒక వెర్షన్ పనికొస్తుంది, ఇంకోటి పనికిరాదు. ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ డబ్బా సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకండి, అది ఆయన సొత్తు. దాని ల్యాన్ పోర్టు నుంచి మీ రౌటర్ వ్యాన్ పోర్టుకు వైరు కలపండి. బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమంటే పెట్టేవాళ్ళున్నారు, పెట్టకపోయినా పని జరుగుతుంది.

ఇక అంకెలు. పొద్దున పూట వైరుతో కొలిస్తే మీకు కిందికి 94, పైకి 38 వచ్చిందనుకుందాం. ఎస్‌క్యూఎంలో అందులో 85 శాతం పెట్టండి: కిందికి 80, పైకి 32. ఆ పేజీ కేబీపీఎస్‌లో అడుగుతుంది కాబట్టి 80000, 32000 అని రాయాలి. క్యూ రకం కేక్, స్క్రిప్ట్ 'పీస్ ఆఫ్ కేక్'. లింక్ లేయర్ పేజీలో ఓవర్‌హెడ్ ఎంతో తెలియకపోతే 44 పెట్టండి, కొంచెం ఎక్కువైనా నష్టం లేదు. సేవ్ చేసి మళ్ళీ కొలవండి. తేడా 30 లోపుకు దిగిందా? అయితే రెండేసి ఎంబీపీఎస్ చొప్పున పెంచుతూ పోండి. ఆలస్యం మళ్ళీ ఎక్కడ తలెత్తుతుందో అక్కడ ఒక మెట్టు వెనక్కి తగ్గి ఆగండి.

ఆ 15 శాతం ఎందుకు వదులుకోవాలి? లైను పూర్తిగా నిండితే వరుస ఆపరేటర్ డబ్బాలోనో ఆయన ఆఫీసులోనో చేరుతుంది, అక్కడ మీ మాట చెల్లదు. మీ రౌటర్‌ను లైను కన్నా కొంచెం ఇరుకు చేస్తే వరుస మీ రౌటర్‌లోనే చేరుతుంది, దాన్ని ఎట్లా నడపాలో మీ ఇష్టం. అయినా 94లోంచి 14 పోతే మీ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. వాట్సాప్ వీడియో కాల్‌కు ఆ 2 ఎంబీపీఎస్ చాలావరకు సరిపోతుంది. మామూలు మాటల కాల్‌కైతే అందులో ఇరవయ్యో వంతు.

ఇక్కడ జనం చేసే పొరపాట్లు

ఎస్‌క్యూఎం పెట్టాక కూడా "ఏం మారలేదు" అనేవాళ్ళలో చాలామంది పాత డబ్బా వైఫైని ఆపరు. తండ్రి ఫోన్ కొత్త రౌటర్ మీద, మిగతా ఇల్లంతా పాత వైఫై మీద. ఆ ట్రాఫిక్ కొత్త రౌటర్ గుండా పోదు కాబట్టి దానికి తెలియనే తెలియదు. పాత వైఫైని ఆపేయండి. కొత్తదానికి పాత పేరు, పాత పాస్‌వర్డే పెడితే ఇంట్లో ఎవరికీ మళ్ళీ చెప్పే పని ఉండదు.

రెండోది, కొలిచిన అంకె బదులు ప్లాన్ కాగితం మీది అంకె రాయడం. వంద అని రాసి 94 లైను మీద పెడితే ఎస్‌క్యూఎం ఉన్నా లేనట్టే. మూడోది, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంచడం. దాన్ని ఆపకపోతే ప్యాకెట్లు ఎస్‌క్యూఎం కళ్ళుగప్పి పోతాయి. నాలుగోది, పాత చిన్న రౌటర్ మీద మూడొందల ఎంబీపీఎస్ బరువు మోపడం. కేక్‌కు ప్రాసెసర్ కావాలి. శక్తి చాలకపోతే స్పీడ్ సగానికి పడిపోతుంది, మీరేమో కేక్‌ను తిడతారు.

డీఎన్ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందని చెప్పే వీడియోలు బోలెడు. డీఎన్ఎస్ సైటు చిరునామా వెతికిపెడుతుంది, అంతే. వరుసతో దానికి సంబంధం లేదు. గేమ్ బూస్టర్ యాప్‌లకు డబ్బు కట్టడం కన్నా, జగిత్యాలలో చెల్లెలు ఎప్‌సెట్ ఆన్‌లైన్ క్లాసు వింటున్నప్పుడు తమ్ముడు గేమ్ అప్‌డేట్ దించకుండా చూడటం మేలు.

ప్లాన్ పెంచడం ఎప్పుడూ దండగేనా? కాదు. మీ అప్‌లోడ్ నిజంగానే రెండు మూడు ఎంబీపీఎస్ అయితే పెంచండి. అదే ఒక మెగాబైటు వరుస 5 బదులు 20 ఎంబీపీఎస్ మీద 0.4 సెకనులో కరిగిపోతుంది. కాకపోతే కొత్త ప్లాన్ తీసుకునేటప్పుడు "డౌన్‌లోడ్ ఎంత" అని మాత్రమే కాదు, "అప్‌లోడ్ ఎంత" అని కూడా అడగండి.

వైర్లెస్‌గా వచ్చే 5జీ హోమ్ కనెక్షన్లవి వేరే తీరు. వాటి స్పీడ్ గంటగంటకూ మారుతుంది. రాత్రి పూట వచ్చే తక్కువ అంకెను పట్టుకొని దానికి ఎస్‌క్యూఎం పెట్టండి. ఓపిక ఉన్న మేనల్లుడైతే కేక్-ఆటోరేట్ అనే స్క్రిప్ట్ వేస్తాడు, అది స్పీడ్ వెంటే తనూ మారుతుంది.

6. అవతలి వైపు కూడా చూడండి

అన్నీ సర్దినా కాల్ తెగుతోందా? తప్పు అటు ఉండొచ్చు. లేబర్ క్యాంపుల్లో ఒకే వైఫైని ఎంతోమంది పంచుకుంటారు, అక్కడి డబ్బాలోనూ వరుసే. కాల్ తెగుతున్నప్పుడే మీ ల్యాప్‌టాప్‌లో 8.8.8.8 పింగ్ చూడండి. అది నిలకడగా ఉంటే మీ ఇల్లు నిర్దోషి. కొడుకును ఒక్క నిమిషం వైఫై ఆపి మొబైల్ డేటా మీదికి రమ్మనండి. వెంటనే బాగైతే సంగతి తేలిపోయినట్టే.

ఇంకొకటి. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు, అక్కడ బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే వాడాలి. కాబట్టి కాల్ అసలు కలవకపోవడం వేరు, కలిసి ఆలస్యం కావడం వేరు. మొదటిదానికి మీ రౌటర్ చేయగలిగిందేమీ లేదు. దొంగదారి వీపీఎన్‌లు చెప్పేవాళ్ళ మాట వినకండి, అక్కడ చట్టం గట్టిది.

7. ఆపరేటర్‌తో ఆయన భాషలో మాట్లాడండి

వానలో స్తంభమెక్కి తెగిన వైరు అతికేది ఆ కేబుల్ అన్నే. "నెట్టు స్లోగుంది" అంటే పాపం ఆయనకు చెయ్యడానికేమీ ఉండదు. ఆయన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి వంద చూపించి వెళ్ళిపోతాడు. ఇట్లా అడిగి చూడండి:

"అన్నా, స్పీడ్ మంచిగనే వస్తుంది. ఖాళీగ ఉన్నప్పుడు పింగ్ పన్నెండు. అప్‌లోడ్ పెడితే ఏడు వందలు అయితుంది. వారం సంది క్యాలెండర్ మీద రాసిన, సూడు. మీ దిక్కు క్యూ ఏం పెట్టిండ్రు?"

ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేకపోవచ్చు, కానీ పై ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. కంప్లైంట్ నంబర్ తప్పకుండా తీసుకోండి.

ఇది చదివే ఆపరేటర్లు కూడా ఉంటారు, వాళ్ళకు నా విన్నపం. మీరు మైక్రోటిక్ వాడుతుంటే రౌటర్ఓఎస్ 7లో ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ రెండూ క్యూ రకాలుగా ఉన్నాయి, అదనంగా కొనాల్సిన పని లేదు. ఒక మామూలు సర్వర్ మీద నడిచే లిబ్రెక్యూఓఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక్కో కస్టమర్‌కు విడివిడిగా కేక్ నడుపుతుంది. చిన్న ఆపరేటర్ల కోసమే దాన్ని చేశారు. బఫర్‌బ్లోట్‌ను తగ్గించే పని మీద దాదాపు పదిహేనేళ్ళు తిరిగి, ఎవరడిగినా కాదనకుండా సాయపడ్డ డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆయన వెంట నిలిచినవాళ్ళు రాసిన సూచనలన్నీ బహిరంగంగానే ఉన్నాయి. ముందు ఒక్క వాడకట్టులో పెట్టి చూడండి. "నెట్టు మంచిగ లేదు" అని వచ్చే ఫోన్లు తగ్గితే మిగతా ఊరికి పెట్టండి.